కొవ్వొత్తికి కాపలా: ఒక చిన్న మంట చరిత్ర

“కొవ్వొత్తి” అన్న మాటను ఒకసారి విడదీసి చూడండి. కొవ్వు, ఒత్తి. ఈనాడు మీ ఇంటి అలమరలో ఉన్న తెల్లని కొవ్వొత్తి చాలావరకు పెట్రోలియం నుంచి తీసిన పారఫిన్ మైనంతో చేసినదే. అయినా మన భాష పాత పేరునే నిలుపుకుంది. ఒకప్పుడు ఈ ఒత్తి చుట్టూ ఉన్నది పశువుల కొవ్వేనని ఆ పేరు నేటికీ చెబుతోంది.

ఆ కొవ్వు రోజుల్లో కొవ్వొత్తి వెలిగించడమంటే ఒక పని మొదలుపెట్టడమే. వెలిగించిన మనిషి దాని పక్కనే ఉండి, మాటిమాటికీ దాన్ని సరిచేస్తూ ఉండాలి. ఇప్పుడు మనం అగ్గిపుల్ల గీసి, వెలిగించి, మరో గదిలోకి వెళ్లిపోగలుగుతున్నాం. ఈ సౌకర్యం ఎలా వచ్చింది? దాని వెనుక ఏ శాస్త్రం ఉంది? సౌకర్యం వచ్చాక కూడా మన బాధ్యతగా మిగిలింది ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఈ పాఠం ఉద్దేశం.

మంటలో మండేది ఏది?

ముందుగా కొవ్వొత్తి ఎలా మండుతుందో తెలుసుకోవాలి. దీనికి మనకు గొప్ప గురువు ఒకరున్నారు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825 నుంచి క్రిస్మస్ సెలవుల్లో పిల్లల కోసం ఉపన్యాసాలు జరుగుతూ వచ్చాయి. 1860–61 శీతాకాలంలో మైకేల్ ఫారడే అక్కడ ఒక్క కొవ్వొత్తి మీదనే ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. కమ్మరి కొడుకుగా పుట్టి, పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనిచేసి, విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్న మహాశాస్త్రవేత్త ఆయన. విలియం క్రూక్స్ సంపాదకత్వంలో ఆ ఉపన్యాసాలు 1861లో పుస్తకంగా వచ్చాయి.

ఫారడే చూపిన విషయాన్ని సంగ్రహంగా చెప్పుకుందాం. మంట వేడికి పైనున్న మైనం కరిగి చిన్న గుంటలా ఏర్పడుతుంది. నూలు ఒత్తి ఆ ద్రవాన్ని కేశనాళికీయత వల్ల పైకి పీల్చుకుంటుంది. ఒత్తి కొసకు చేరిన ద్రవం ఆవిరవుతుంది. మండేది ఆ ఆవిరే. కొవ్వొత్తిని ఆర్పిన వెంటనే పైకి లేచే తెల్లని పొగలో ఇంకా మండని మైనపు ఆవిరి ఉంటుంది. ఆ పొగకు వెలుగుతున్న పుల్లను అందిస్తే, మంట గాలిలోనే దిగివచ్చి ఒత్తిని అంటుకుంటుంది. ఫారడే ఈ ప్రయోగాన్ని పిల్లల ముందు చేసి చూపాడు.

మరొక సంగతి కూడా ఆయన వివరించాడు. కరిగిన మైనం పక్కకు కారకుండా గిన్నెలో ఉన్నట్టు ఎందుకు నిలుస్తుంది? మంట చుట్టూ కింది నుంచి చల్లగాలి పైకి వస్తూ, కొవ్వొత్తి అంచును చల్లబరుస్తుంది. మధ్యభాగం కరుగుతుంది, అంచు గట్టిగా నిలుస్తుంది. గాలి ఒక పక్క నుంచి వీస్తే మంట ఒరుగుతుంది, ఒక వైపు అంచు తెగుతుంది, మైనం ధారగా కారిపోతుంది. కిటికీ దగ్గర పెట్టిన కొవ్వొత్తి త్వరగా అయిపోవడానికీ, కింద పరచిన గుడ్డ మీదికి మైనం కారడానికీ కారణం ఇదే.

కత్తెరతో కాపలా

ఇప్పుడు ఫారడే కన్నా వెనక్కి వెళ్దాం. ఐరోపాలో శతాబ్దాలపాటు రెండు రకాల కొవ్వొత్తులు ఉండేవి. తేనెమైనంతో చేసినవి ఖరీదైనవి. అవి చర్చిలలో, ధనికుల ఇళ్లలో వెలిగేవి. ఆవు, గొర్రె కొవ్వుతో చేసినవి సామాన్యులవి. లండన్‌లో ఈ రెండు వృత్తులకూ వేర్వేరు సంఘాలు ఉండేవి. కొవ్వు పనివారి సంఘానికి 1462లో, మైనపు పనివారి సంఘానికి 1484లో రాజశాసనం లభించింది. అంతకన్నా పేదవారు తుంగ వంటి ఒక రకం గడ్డి కాడలను ఒలిచి, కరిగిన కొవ్వులో ముంచి ఆరబెట్టి వెలిగించుకునేవారు. గిల్బర్ట్ వైట్ అనే గ్రామ మతాధికారి 1775లో రాసిన లేఖలో అలాంటి కాడ ఒకటి ఎంతసేపు మండిందో కొలిచి నమోదు చేశాడు. సుమారు 72 సెంటీమీటర్ల కాడ 57 నిమిషాలు మండిందట. బ్రిటన్‌లో 1709 నుంచి 1831 వరకు కొవ్వొత్తులపై పన్ను ఉండేదని గుర్తుంచుకుంటే, పేదవాడు ఈ కాడల దీపాన్నే ఎందుకు నమ్ముకున్నాడో అర్థమవుతుంది. దానికి ఆ పన్ను లేదు.

కొవ్వుతో చేసిన కొవ్వొత్తి వాసన వేసేది, పొగ చిమ్మేది, వేసవిలో మెత్తబడి వంగిపోయేది. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఒత్తితో వచ్చేది. అప్పటి ఒత్తి కేవలం మెలితిప్పిన నూలు. కొవ్వు తగ్గేకొద్దీ అది మంట మధ్యలో నిటారుగా నిలబడిపోయేది. మంట లోపలి భాగంలో ప్రాణవాయువు చాలదు. అందువల్ల ఒత్తి పూర్తిగా కాలక, నల్లగా మాడి పొడవు పెరిగేది. పొడవు పెరిగిన ఒత్తి ఎక్కువ కొవ్వును పీల్చేది, ఆ ఆవిరి అంతా మండేందుకు గాలి సరిపోయేది కాదు, ఫలితంగా వెలుగు తగ్గి పొగ పెరిగేది.

ఈ నష్టాన్ని అంకెలలో చూపినవాడు కౌంట్ రమ్‌ఫర్డ్. 1799లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపనలో ముఖ్యపాత్ర వహించిన శాస్త్రవేత్త ఈయనే. ఒక నాసిరకం కొవ్వొత్తి ఒత్తిని అప్పుడే కత్తిరించినప్పుడు దాని వెలుగు 100 అనుకుంటే, 11 నిమిషాలకు అది 39కి, మరో 8 నిమిషాలకు 23కి, మరో 10 నిమిషాలకు 16కి పడిపోయిందని ఆయన లెక్కకట్టాడు. మళ్లీ కత్తిరించగానే తిరిగి 100. అంటే అరగంట పట్టించుకోకపోతే ఆరింట అయిదు వంతుల వెలుగు పోయినట్టే.

అందుకే ప్రతి ఇంట్లో స్నఫర్ అనే పనిముట్టు ఉండేది. అది చూడటానికి కత్తెరలా ఉండి, పైన చిన్న పెట్టె కలిగి ఉంటుంది. మాడిన కొస తెగి, నిప్పు కణికలా ఆ పెట్టెలో పడి ఆరిపోతుంది. ఆ పెట్టె ఎందుకో ఆలోచించండి. తెగిన కొస బల్ల మీదో కాగితాల మీదో పడితే నిప్పంటుకుంటుంది. అది అలంకారం కోసం పెట్టింది కాదు, భద్రత కోసం పెట్టింది.

మన ఇళ్లలోనూ ఇలాంటి కాపలా ఉండేది. ప్రమిదలో ఆముదమో నువ్వుల నూనో పోసి వెలిగించిన దీపానికి ఇంట్లో ఎవరో ఒకరు ఒత్తిని ఎగదోస్తూ, మాడిన కొసను పుల్లతో తీసేస్తూ ఉండేవారు. దీపాన్ని “ఆర్పేశాను” అనడానికి పెద్దలు ఇష్టపడరు, “కొండెక్కింది” అంటారు. ఆ మాటలోని మర్యాద వెనుక, దీపాన్ని చివరిదాకా గమనించే అలవాటు కూడా ఉంది.

కొవ్వొత్తిని ఆర్పడంలో నిర్లక్ష్యం ఎంత సాధారణమో తెలియాలంటే జొనాథన్ స్విఫ్ట్‌ను తలచుకోవాలి. 1745లో వెలువడిన ఆయన పుస్తకం ఒకటి సేవకులకు సలహాలు చెబుతున్నట్టుగా వెటకారంతో సాగుతుంది. కొవ్వొత్తిని గోడకు రుద్ది ఆర్పవచ్చునని, నేల మీద పడేసి తొక్కవచ్చునని అందులో సూచనలు కనిపిస్తాయి. పాఠకులు నవ్వారంటే, అలాంటి సేవకులను వారు తమ ఇళ్లలో చూసి ఉన్నందువల్లనే.

ఒత్తి వంగడం నేర్చుకుంది

పందొమ్మిదో శతాబ్దంలో ఈ కథ మలుపు తిరిగింది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ (1786–1889) జంతువుల కొవ్వులను ఏళ్ల తరబడి పరిశీలించి, 1823లో తన గ్రంథాన్ని ప్రచురించాడు. కొవ్వు అంటే ఒకే పదార్థం కాదని, కొవ్వు ఆమ్లాలు గ్లిజరిన్‌తో కలిసి ఏర్పడినదని ఆయన నిరూపించాడు. కొవ్వు మండినప్పుడు వచ్చే ఘాటైన దుర్వాసనకు ఆ గ్లిజరిన్ భాగమే ముఖ్య కారణం. దాన్ని తొలగిస్తే గట్టిగా, తెల్లగా ఉండే స్టియరిక్ ఆమ్లం మిగులుతుంది. 1825లో షెవ్రల్, గేలుసాక్ కలిసి దానితో కొవ్వొత్తులు చేయడానికి పేటెంటు తీసుకున్నారు. వారికి వ్యాపారం కలిసిరాలేదు. 1830ల ఆరంభంలో పారిస్‌లో డి మిల్లీ అనే పారిశ్రామికవేత్త దాన్ని విజయవంతం చేశాడు.

అదే 1825లో కాంబసెరెస్ అనే మరో ఫ్రెంచివాడు ఒత్తిని మెలితిప్పడం మాని జడలా అల్లాడు. అది చూడటానికి అతి చిన్న మార్పు. కానీ అల్లిన ఒత్తి మండుతున్నకొద్దీ ఒక పక్కకు వంగుతుంది. వంగిన కొస మంట వెలుపలి అంచుకు చేరుతుంది. అక్కడ ప్రాణవాయువు పుష్కలం, వేడి ఎక్కువ. కొస అక్కడే పూర్తిగా కాలి బూడిదవుతుంది. డి మిల్లీ ఒత్తిని బోరిక్ ఆమ్లంలో నానబెట్టి ఈ పనిని మరింత సులువు చేశాడు. ఈసారి కొవ్వొత్తి వెలిగించినప్పుడు ఒత్తి కొసను గమనించండి. పక్కకు వంగి, చివర ఎర్రగా మెరుస్తూ కనిపిస్తుంది.

ఈ మార్పు ఫలితం ఏమిటి? ఇంట్లో మనిషి కత్తెరతో చేసిన పనిని ఒత్తి తానే చేసుకోవడం మొదలుపెట్టింది. 1834లో ఇంగ్లండులో జోసెఫ్ మోర్గన్ తయారుచేసిన అచ్చు యంత్రంతో ఉత్పత్తి పెరిగింది, కొవ్వొత్తి చవకైంది. స్నఫర్ కత్తెరలు క్రమంగా అలమరల్లోకి, ఆ తరువాత మ్యూజియాల్లోకి వెళ్లాయి.

రంగూన్ నుంచి డిగ్బోయ్ దాకా

తరువాతి మెట్టు పారఫిన్. స్కాట్లాండుకు చెందిన జేమ్స్ యంగ్ 1850లో బొగ్గు నుంచి పారఫిన్ నూనె తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. ఫారడే తన ఉపన్యాసంలో ఐర్లండు బురదనేలల నుంచి తీసిన పారఫిన్‌తో చేసిన కొవ్వొత్తులను కూడా చూపాడు.

ఈ కథలో మన ప్రాంతానికీ చోటుంది. బర్మాలోని యెనాన్‌జావ్ వద్ద చేతితో తవ్విన బావుల నుంచి స్థానికులు భూగర్భ నూనెను ఎంతోకాలంగా తోడుకునేవారు. 1852 యుద్ధంలో బ్రిటిష్‌వారు రంగూన్‌ను ఆక్రమించారు. 1854లో వారెన్ డి లా రూ అనే శాస్త్రవేత్త రంగూన్ నూనెను బట్టీపట్టి పారఫిన్ తీసే విధానానికి పేటెంటు తీసుకోగా, లండన్‌లోని ప్రైస్ కొవ్వొత్తుల కంపెనీ దాన్ని ఉపయోగించింది. అంటే ఐరావతి తీరపు నూనె ఓడల్లో ఇంగ్లండుకు వెళ్లి, అక్కడ కొవ్వొత్తిగా మారింది. 1886లో బర్మా ఆయిల్ కంపెనీ ఏర్పడింది. మన దేశంలో అస్సాంలోని డిగ్బోయ్ వద్ద 1889లో నూనె బావి తవ్వారు. 1901లో అక్కడ శుద్ధి కర్మాగారం ప్రారంభమైంది. దాని ఉత్పత్తుల్లో పారఫిన్ మైనం ముఖ్యమైనది.

ఇలా అనేక దేశాల శ్రమ కలిసి, పొగ తక్కువగా చిమ్మే, వాసన లేని, చవకైన, కాపలా అక్కరలేనట్టు కనిపించే కొవ్వొత్తి తయారైంది. “కనిపించే” అన్న మాటను గుర్తుపెట్టుకోండి. ప్రమాదం ఇప్పుడు అక్కడే ఉంది.

మిగిలిన సగం పని

పాత కొవ్వొత్తి పట్టించుకోని మనిషిని క్షమించేది కాదు. అరగంటలో చీకటి చేసి, పొగతో పిలిచేది. అప్పుడూ ఇళ్లు తగలబడేవి, సందేహం లేదు. అయితే మనిషి తరచుగా దాని దగ్గరికి రాక తప్పేది కాదు. కొత్త కొవ్వొత్తి ఎవరినీ పిలవదు. గంటల తరబడి నిశ్శబ్దంగా మండుతుంది. ఒత్తిని సరిచేసే పనిలో చాలా భాగం కర్మాగారం చేసిపెట్టింది కానీ, కర్టెన్ ఎక్కడుందో, గాలి ఎటు వీస్తుందో, పిల్లవాడు ఎటు పరుగెత్తుతాడో కర్మాగారానికి తెలియదు. ఆ సగం పని మనదే.

అమెరికాలోని జాతీయ అగ్నిరక్షణ సంఘం లెక్కల ప్రకారం 2015–2019 మధ్య ఆ దేశంలో ఏటా సగటున సుమారు 7,400 ఇళ్ల అగ్నిప్రమాదాలు కొవ్వొత్తుల వల్ల జరిగాయి. ఏటా 90 మంది వరకు చనిపోయారు. వాటిలో ప్రతి ఐదింటిలో దాదాపు మూడు ప్రమాదాలకు కారణం ఒక్కటే: మండే వస్తువు కొవ్వొత్తికి మరీ దగ్గరగా ఉండటం. విద్యుత్తుకు పెద్దగా కొరత లేని దేశంలోనే పరిస్థితి ఇది. కరెంటు పోతే చీకట్లో తడుముకుంటూ కొవ్వొత్తి వెలిగించే ఇళ్లలో మరింత జాగ్రత్త అవసరం.

కాబట్టి చరిత్ర నుంచి నేర్చుకున్నదాన్ని ఇంటికి అన్వయిద్దాం. ముందు చోటు సంగతి. కొవ్వొత్తికి కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో మండే వస్తువేదీ ఉండకూడదు. పైన ఇంకా ఎక్కువ ఖాళీ ఉండాలి, ఎందుకంటే వేడి పైకే పోతుంది. పుస్తకాల అర కింద, దోమతెర పక్కన, క్యాలెండర్ కింద, కర్టెన్ దగ్గర పెట్టకండి. ప్లాస్టిక్ మూత మీదో, టీవీ మీదో, ఫ్రిజ్ మీదో నాలుగు చుక్కలు మైనం కార్చి నిలబెట్టే అలవాటు మన ఇళ్లలో చాలా ఉంది. కొవ్వొత్తి చివరికంటా మండాక ఆ ప్లాస్టిక్కే ఇంధనమవుతుంది. స్టీలు పళ్లెంలోనో మట్టి ప్రమిదలోనో కదలకుండా నిలపండి. చున్నీ, పైట, వదులు చేతులున్న చొక్కా మంట మీదుగా చాచకండి. పాలిస్టర్ బట్ట మండుతూ కరిగి ఒంటికి అంటుకుంటుంది.

తరువాత ఒత్తి. వెలిగించేముందు ఒత్తిని 6 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం ఉంచి, చల్లారిన కొవ్వొత్తి మీదనే కత్తిరించాలి. రమ్‌ఫర్డ్ లెక్కలు ఇక్కడ గుర్తుచేసుకోండి. అల్లిన ఒత్తి ఉన్నా, గాజు గ్లాసులో పోసిన లావుపాటి సువాసన కొవ్వొత్తుల్లో ఒత్తి పొడవు పెరిగి, మంట ఎగసి, మసి పడుతుంది. కత్తిరించిన ముక్కలను, అగ్గిపుల్లలను కరిగిన మైనంలో పడేయకండి. అవి రెండో ఒత్తిలా మారి మంటను పెంచుతాయి. గ్లాసులో కొవ్వొత్తిని తొలిసారి వెలిగించినప్పుడు మైనం అంచులదాకా కరగనివ్వండి. లేకపోతే మధ్యలో బావిలా గుంటపడి, చుట్టూ ఉన్న మైనం వృథా అవుతుంది. ఒక్కసారికి నాలుగు గంటలు మించకుండా ఆర్పేయండి. అడుగున ఒక సెంటీమీటరుకు పైగా మైనం ఉండగానే దాన్ని పక్కన పెట్టండి. లేకపోతే వేడికి గ్లాసు పగలవచ్చు.

ఇక ఆర్పడం. గట్టిగా ఊదితే వేడి మైనం, నిప్పురవ్వలు ఎగురుతాయి. శంకువు ఆకారపు లోహపు మూతతో మంటను కప్పడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచి పద్ధతి. ఒక ఇనుప పుల్లతో ఒత్తిని కరిగిన మైనంలోకి వంచి, వెంటనే నిలబెట్టవచ్చు. పొగ రాదు, ఒత్తి తరువాతి వెలుగుకు సిద్ధంగా ఉంటుంది. నీళ్లు మాత్రం పోయకండి. నీరు మైనం కన్నా బరువైనది. బాగా వేడెక్కిన మైనంలో అది అడుగుకు దిగి, ఒక్కసారిగా ఆవిరై, వందల రెట్లు వ్యాకోచించి, మండే మైనాన్ని చుట్టూ చిమ్ముతుంది. గ్లాసంతా మంట లేస్తే లోహపు పళ్లెంతో మూసి, చల్లారేదాకా కదపకండి. ఆరిన తరువాత ఒత్తి కొస ఎర్రగా లేదని చూసుకునే లేవండి. నిద్రపోయేముందు, గది విడిచేముందు ఆర్పడం తప్పనిసరి.

వేసవిలో కొవ్వొత్తులను అట్టపెట్టెలో పడుకోబెట్టి, ఎండ తగలని చల్లని చోట, పసిపిల్లలకు అందకుండా దాచండి. అగ్గిపెట్టెను విడిగా ఉంచండి.

గ్యాసు వాసన వస్తే

ఒక సందర్భంలో కొవ్వొత్తి అసలే వద్దు. 1812 మేలో ఇంగ్లండులోని ఫెల్లింగ్ బొగ్గుగనిలో మండే వాయువు పేలి 92 మంది మరణించారు. ఆ కాలపు గనుల్లో వెలుతురు కోసం వాడే కొవ్వొత్తులు, దీపాలే ఎన్నో పేలుళ్లకు నిప్పందించాయి. 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని తీగవల చుట్టి రక్షణ దీపం రూపొందించాడు. లోహపు వల మంట వేడిని లాగేసి, బయటి వాయువు అంటుకోకుండా ఆపుతుంది. ఆ ప్రయోగాల్లో ఆయనకు సహాయపడినవారిలో యువకుడైన ఫారడే ఒకడు.

మన వంటిళ్లలోని గ్యాసు గాలికన్నా బరువైనది. లీకైతే నేల మీద పరుచుకుంటుంది. కరెంటు లేని రాత్రి గ్యాసు వాసన వస్తే ఎక్కడ లీకైందో చూడటానికి కొవ్వొత్తి వెలిగించకండి, ఏ స్విచ్చీ వేయకండి, ఆర్పకండి. వీలైతే రెగ్యులేటరు కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, అందరినీ బయటికి పంపి, అక్కడి నుంచి 1906 నంబరుకు ఫోన్ చేయండి. బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లాలి. వేడి మైనం చర్మం మీద పడితే ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచాలి.

కరెంటు పోయినప్పుడు టార్చి దొరికితే టార్చే వాడండి. పండుగకో ప్రార్థనకో కొవ్వొత్తి వెలిగించినప్పుడు ఈ రెండు పనులు చేసి చూడండి. మొదటిది, వెలిగించే ముందు ఆ గదిలో ఒక చుట్టు తిరిగి, మంటకు అందే వస్తువులను లెక్కపెట్టి పక్కకు జరపండి. రెండోది, పెద్దవారిని పక్కన ఉంచుకుని, ఆర్పిన వెంటనే లేచే పొగకు వెలుగుతున్న పుల్ల అందించి, మంట ఎంత దూరం దూకిందో కొలవండి. ఆరిపోయిందనుకున్న కొవ్వొత్తి మళ్లీ ఎంత సులువుగా అంటుకుంటుందో మీ కళ్లతో మీరే చూస్తారు.